దుమ్ము కప్పిన కులం: బొగ్గుబాయి గడ్డ మీద నుంచి అమెరికా మాంద్యకాల సాహిత్యం

బాయిల దిగినంక కులమెక్కడిది, అందరం నల్లగనే ఉంటం. గోదావరిఖనిలో ఈ మాట వినని మనిషి ఉండడు. యూనియన్ మీటింగుల్లో చెప్తారు. సంస్మరణ సభల్లో చెప్తారు. కథల మీద రాసిన సమీక్షల్లోనూ ఇదే మాట కొంచెం సంస్కృతం కలుపుకొని వస్తుంది. ఈ మాటలో పూర్తి అబద్ధం లేదు. బండ కూలేటప్పుడు అది కులం అడగదు. గ్యాసు అంటుకున్నప్పుడు గోత్రం చూడదు. పక్కనున్నోడు ఏ వాడ మనిషైనా చెయ్యి పట్టి గుంజుకొచ్చిన వాళ్లు ఈ గడ్డ మీద ఎందరో ఉన్నరు. దాన్ని కాదనడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. నా ప్రశ్న వేరే. ఈ మాట ఎవరి నోట్లో సులువుగా వస్తుంది? షిఫ్టు దిగి, నీళ్లు పోసుకొని, దుమ్మంతా కాలువలో పోయినంక ఆ నలుపు ఏమైతది?

ఈ ప్రశ్నను పరీక్షించడానికి కొంత దూరం పోయి రావాలి. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికాలో, ముఖ్యంగా 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలిన తర్వాత పదేండ్లలో, దుమ్ము పెద్ద సాహిత్య వస్తువయింది. ఓక్లహోమా పొలాల మీద లేచిన దుమ్ము తుపాను, సొరంగాల్లో రాతి దుమ్ము, గనుల్లో బొగ్గు దుమ్ము. 1933 నాటికి అక్కడ పనిచేసే నలుగురిలో ఒకరికి పని లేదు. నల్లవాళ్లలో చాలా నగరాల్లో ఆ లెక్క దానికి రెట్టింపు. పనిలోకి చివర తీసుకునేది వాళ్లనే, ముందు తీసేసేదీ వాళ్లనే. అట్లాంటి కాలంలో పుట్టిన సాహిత్యంలో దుమ్ము ఎవరిని చూపించింది, ఎవరిని కప్పేసింది అని అడిగితే మన దుమ్ము సంగతి కూడా కొంత తెలుస్తుంది.

జాతి, కులం ఒకటే అని తేల్చేయడం నా ఉద్దేశం కాదు. రంగు కంటికి కనబడుతుంది. కులం కనబడదు, అడిగి తెలుసుకుంటారు. ఏ ఊరు, ఇంటిపేరేంది, ఊళ్లె ఏ దిక్కున ఉంటరు అని మూడు ప్రశ్నల్లో తేల్చుకుంటారు. ఈ తేడా ఉన్నది గనుకనే పోలిక పనికొస్తుంది.

తెల్ల దుమ్ము కింద

1930లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో గాలీ బ్రిడ్జ్ అనే చిన్న ఊరి దగ్గర కొండ కింద నుంచి సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. నది నీళ్లను మళ్లించి కరెంటు తీయడానికి. దాని పేరు హాక్స్ నెస్ట్ సొరంగం. లోపల పనిచేసిన వాళ్లు సుమారు 3,000 మంది. అందులో నాలుగింట మూడొంతులు నల్లవాళ్లు. మాంద్యంలో దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన వలస కూలీలు. ఆ కొండలో ఉన్నది దాదాపు స్వచ్ఛమైన సిలికా రాయి. నీళ్లు కొడుతూ రంధ్రం వేస్తే దుమ్ము లేవదు, కానీ పని ఆలస్యమవుతుంది. అందుకని పొడిగానే డ్రిల్లింగు చేయించారు. తనిఖీకి వచ్చిన ఇంజనీర్లు ముఖానికి మాస్కులు కట్టుకున్నారు, కూలీలకు ఇవ్వలేదు. నెలల వ్యవధిలోనే ఊపిరితిత్తులు రాయి కట్టి మనుషులు చచ్చిపోయారు. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు 1986లో రాసిన పుస్తకంలో మృతుల సంఖ్య కనీసం 764 అని అంచనా కట్టాడు. కోర్టు బయట కుదిరిన పరిహారం కూడా రంగును బట్టి ఇచ్చారు. ఒకే దుమ్ము పీల్చిన నల్లవాడికి తక్కువ, తెల్లవాడికి ఎక్కువ.

1936లో ఈ సంగతి అమెరికా పార్లమెంటు ఉపసంఘం ముందుకు వచ్చింది. ఆ ఏడాదే మ్యూరియల్ రుకైసర్ అనే యువ కవయిత్రి ఒక ఫోటోగ్రాఫర్ స్నేహితురాలితో కలిసి గాలీ బ్రిడ్జ్ పోయింది. అక్కడ విన్నదీ, విచారణ కాగితాల్లో చదివినదీ కలిపి 'ది బుక్ ఆఫ్ ది డెడ్' అనే దీర్ఘకవిత రాసింది. అది 1938లో 'యు.ఎస్. 1' అనే సంపుటిలో అచ్చయింది. సాక్షి మాటలు, డాక్టరు మాటలు, ఎక్స్‌రే వివరాలు, షేరు ధర, అన్నీ కవితలోకి వచ్చినయి. కవిత్వమంటే ఊహ మాత్రమే కాదు, సాక్ష్యం కూడా అని నిరూపించిన రచన అది. దళిత కవిత్వాన్ని 'ఇది కవిత్వమా, వార్తా' అని ఈసడించిన వాళ్లకు ఆ కవితను చూపించవచ్చు.

ఆ కవితలో జార్జ్ రాబిన్సన్ అనే నల్ల కార్మికుడి భాగం ఉంది. బ్లూస్ పాట నడకలో సాగుతుంది. అందులో ఒక దృశ్యం ఎప్పటికీ మరువలేం. సొరంగం నుంచి బయటికొచ్చినప్పుడు ఒళ్లంతా తెల్ల దుమ్ము పడి, నల్లవాడెవరో తెల్లవాడెవరో పోల్చుకోలేకుండా ఉన్నారని ఆయన చెప్తాడు. విమర్శకులు చాలామంది ఈ దృశ్యాన్ని ఐక్యతకు గుర్తుగా చదివారు. దోపిడీ రంగును చెరిపేసిందనీ, కార్మికుడే మిగిలాడనీ.

మనం బొగ్గుబాయి దగ్గర నిలబడి ఆ దృశ్యాన్ని చదివితే అట్లా కనబడదు. మొదటి సంగతి, ఆ దుమ్ము తెల్లది. అందరూ ఒకటయింది తెల్ల రంగులో. నల్లవాడు తెల్లవాడిలాగ కనబడింది ఒక్కచోటే, చావు మీద పడ్డచోట. రెండో సంగతి, ఆ సొరంగం బయట క్యాంపులు వేరు. నల్లవాళ్ల గుడిసెలు వేరు, తెల్లవాళ్ల గుడిసెలు వేరు. చచ్చినంక తెల్లవాళ్ల శ్మశానంలో నల్లవాడికి చోటు లేదు. చాలామందిని గుర్తు లేకుండా ఒక పొలంలో పూడ్చిపెట్టారు. దుమ్ము రంగును తుడవలేదు, కాసేపు కప్పింది. స్నానం చేసే దాకా, లేదా చచ్చిపోయే దాకా.

ఈ కవితకే ఇంకో పరిమితి ఉంది. కవిత నడుమ గుండెలాగ కొట్టుకునేది జోన్స్ అనే తల్లి గొంతు. ముగ్గురు కొడుకులనూ సొరంగానికి పోగొట్టుకున్న తల్లి. ఆమె దుఃఖం మీద సందేహం ఎవరికుంటుంది? కానీ ఆ కుటుంబం తెల్లది. చచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లయితే, చావుకు మన ఎదుట నిలబడ్డ ప్రధాన ముఖం తెల్ల తల్లిది. రుకైసర్ దురుద్దేశంతో చేసింది కాదు ఇది. నల్లవాళ్లు చాలామంది వలస వచ్చినవాళ్లు. రోగం వచ్చినంక ఊరు వదిలిపోయారు. సాక్ష్యం చెప్పడానికి స్థానికంగా మిగిలిన కుటుంబం అది. అంటే సాహిత్యంలో ఎవరు మిగులుతారన్నది రాసేవాళ్ల మంచితనం మీద మాత్రమే ఆధారపడదు. ఇల్లూ, జాగా, నిలబడి మాట్లాడే తావూ ఉన్నవాళ్లే సాక్షులుగా మిగులుతారు. మన దగ్గర ఈ సూత్రం ఎంత నిజమో ముందు ముందు చూద్దాం.

మాంద్యానికి ఒక ముఖం దొరికింది

మాంద్యకాలమంటే ప్రపంచానికి ముందుగా గుర్తొచ్చే బొమ్మ ఒకటుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కూలీల క్యాంపులో డొరొతియా లాంజ్ తీసిన ఫోటో. 'మైగ్రెంట్ మదర్' అని పేరు. చెంపకు చెయ్యి ఆనించి ఎటో చూస్తున్న తల్లి, భుజాల మీద ముఖాలు దాచుకున్న పిల్లలు. కష్టపడే తెల్ల అమెరికా తల్లికి ఆమె ప్రతీక అయింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, ఆమె చెరోకీ ఆదివాసీ అనీ 1978 దాకా లోకానికి తెలియదు. నలభై ఏండ్లకు పైగా ఒక ఆదివాసీ స్త్రీ తెల్ల పేదరికానికి బొమ్మగా నిలబడింది. ఆమె ఎవరని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 'పేద తల్లి' అంటే చాలనుకున్నారు.

జాన్ స్టయిన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో వచ్చింది. భూమి పోయి ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియా బాట పట్టిన జోడ్ కుటుంబం కథ. నవల గొప్పదే. ట్రాక్టరు వచ్చి ఇల్లు కూల్చే ఘట్టం చదువుతుంటే ఓపెన్‌కాస్టు కింద పోయిన మన ఊళ్లు కండ్ల ముందర తిరుగుతయి. కానీ జోడ్ కుటుంబం సల్లిసా దగ్గర సాగుచేసుకున్న ఆ భూమి అంతకుముందు చెరోకీ దేశంలోది. తాత ఇండియన్లను తరిమి ఈ భూమి సంపాదించాడన్నది నవలలోనే హక్కుకు ఆధారంగా వస్తుంది. అంతకుముందు 1936లో స్టయిన్‌బెక్ ఒక పత్రికకు కాలిఫోర్నియా వలస కూలీల మీద వరుస వ్యాసాలు రాశాడు. పాతకాలపు మెక్సికన్, ఫిలిప్పినో కూలీలను అణిచినట్టు వీళ్లను అణచలేరు, వీళ్లు అమెరికన్లు అన్న ధోరణి ఆ వ్యాసాల్లో ఉంది. అదే దశాబ్దంలో లక్షల మంది మెక్సికన్లను, అందులో అమెరికాలోనే పుట్టినవాళ్లను కూడా, సరిహద్దు దాటించి పంపేశారు. జోడ్‌లు నడిచిన పొలాల్లో అంతకుముందు పనిచేసినవాళ్లు వాళ్లే. నవల చదివిన పాఠకుడికి ఆ ముందటి మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు.

సానుభూతి పుట్టించడానికి ఒక సామాన్య మనిషిని తయారుచేస్తారు. ఆ సామాన్య మనిషి ఎప్పుడూ సామాన్యుడు కాడు. అక్కడ తెల్లవాడు. ఇక్కడ ఎవరు?

పేరు చెప్పకుండా వెలివేసే చట్టం

సాహిత్యం చేసిన ఈ పనిని చట్టం ఇంకా నేర్పుగా చేసింది. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చింది. ముసలితనంలో పెన్షను, పని పోతే భృతి. అదే ఏడాది యూనియన్ పెట్టుకునే హక్కును గుర్తించే చట్టమూ వచ్చింది. రెంటిలోనూ రెండు రకాల పనివాళ్లను బయట పెట్టారు. పొలాల్లో కూలి చేసేవాళ్లు, ఇండ్లల్లో పని చేసేవాళ్లు. చట్టంలో నల్లవాడు అన్న మాట ఎక్కడా లేదు. కానీ నల్ల శ్రామికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆ రెండు పనుల్లో ఉన్నవాళ్లే. చందా వసూలు కష్టమని పరిపాలనా కారణం చెప్పారు. దక్షిణాది భూస్వాముల ప్రతినిధుల ఓట్లు లేకుండా చట్టం గట్టెక్కదన్నది రాజకీయ కారణం. ఏది అసలు కారణమని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. బయట పడ్డవాళ్లకు ఆ వాదన వల్ల ఒరిగిందేమీ లేదు. పెన్షను చట్టంలోకి వాళ్లు రావడం 1950, 1954 సవరణల దాకా మొదలు కాలేదు.

పొలాల సంగతీ అంతే. 1933 వ్యవసాయ చట్టం కింద పత్తి ధర పెంచడానికి సాగు తగ్గించమని భూమి గలవాళ్లకు డబ్బులిచ్చారు. చెక్కు భూమి యజమాని పేరు మీద వచ్చింది. పాలుకు చేసే రైతుకు రావాల్సిన వాటా చాలాచోట్ల అందలేదు. పైగా సాగు తగ్గింది గనుక ఇక నీతో పనేముందని గుడిసెలోంచి వెళ్లగొట్టారు. అర్కాన్సాలో 1934లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి పాలు రైతుల సంఘం పెట్టుకున్నది ఆ దెబ్బకే. ఆ చట్టానికీ మన భూసేకరణకూ ఎంత దగ్గర! 1894 భూసేకరణ చట్టం పట్టా చూసింది, పొలంలో వంగిన నడుమును చూడలేదు. ఊరు బాయి కిందికి పోతే పట్టాదారుకు నష్టపరిహారం, పాలేరుకు వట్టి చేతులు. కౌలుదారులు, కూలీలు కూడా నష్టపోయిన కుటుంబాలే అని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది.

ఆడవాళ్ల సంగతి ఇంకో మెట్టు కింద. 1935 నవంబరులో 'ది క్రైసిస్' పత్రికలో ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ కలిసి ఒక వ్యాసం రాశారు. న్యూయార్కులోని బ్రాంక్స్ వీధి మూలల్లో నల్ల ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి నిలబడతారు. తెల్ల ఇల్లాళ్లు వచ్చి గంటకు ఇన్ని సెంట్లని బేరమాడి తోలుకపోతారు. రచయిత్రులు దాన్ని బానిసల అంగడి అని పిలిచారు. మనం దాన్ని అడ్డా అంటాం. మన చౌరస్తాలలో అడ్డా మీద నిలబడ్డ ఆడవాళ్లను ఏ నవలా నాయికలుగా చూసింది తక్కువ. కార్మికవర్గమంటే బూట్లు, హెల్మెటు, క్యాప్ ల్యాంపు పెట్టుకున్న మగమనిషి బొమ్మే మనకూ కండ్లల్ల నిలిచింది. దేశంలో ఆడవాళ్లు అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేయడానికి దారి తెరిచిన కేంద్ర ఉత్తర్వు 2019లో గాని రాలేదు.

అదే దశాబ్దంలో ఇక్కడ

ఇదంతా అమెరికా ముచ్చట అనుకునేవాళ్లకు అవే ఏండ్లలో ఇక్కడ ఏం జరిగిందో గుర్తు చేయాలి. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎర్రజెండా కింద 1928లో మహా సమ్మె జరిగింది. ఆ మిల్లుల్లోనే నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. కండెలోంచి దారం నోటితో పీల్చి తీయాలి. ఒకడి ఎంగిలి ఇంకొకడికి తగులుతుంది. ఎక్కువ కూలి వచ్చేది ఆ ఖాతాలోనే. అడ్డుపడింది మిల్లు ఓనరు ఒక్కడే కాదు, తోటి కార్మికుడు. ఈ సంగతిని సమ్మె కోర్కెల్లో చేర్చమని పట్టుబట్టింది అంబేద్కర్.

1935లో అమెరికాలో డు బోయిస్ 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' రాశాడు. తెల్ల కార్మికుడికి తక్కువ కూలి ఇచ్చినా, నువ్వు తెల్లవాడివన్న సామాజిక గౌరవాన్ని మానసికమైన కూలిగా పైన కలిపి ఇచ్చారనీ, అందుకే అతడు నల్ల కార్మికుడితో కలవలేదనీ వాదించాడు. 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన' రాశాడు. కులం పనిని పంచడంతో ఆగదనీ, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడగొడుతుందనీ చూపించాడు. ఈ ఇద్దరూ ఒకే ఏడాది తేడాతో, సముద్రాలకు అటూ ఇటూ కూర్చొని ఒకే ముడిని విప్పారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ బ్రాహ్మణత్వం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనన్నాడు. అక్కడ ఆయన చూపించిన ఉదాహరణ చాలా చిన్నది. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతాడు, పోర్టరు కాలేడు. ఎందుకంటే స్టేషన్ మాస్టరు పోర్టరుతో ఇంటి పని కూడా చేయించుకుంటాడు, ఇంట్లోకి అంటరానివాడు పనికిరాడు. సిద్ధాంతం అట్లాంటి చిన్న తలుపు దగ్గరే దొరుకుతుంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ 1943 డిసెంబరులో ధన్‌బాద్ గనిలోకి స్వయంగా దిగాడు. బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు 1944లో ఆయన హయాంలోనే వచ్చింది. బొగ్గుబాయి వీధుల్లో అంబేద్కర్ విగ్రహాలు చాలా ఉన్నయి. ఆయనను రాజ్యాంగ నిర్మాతగా చూపిస్తయి గాని బొగ్గుబాయిలకు దిగిన కార్మిక మంత్రిగా చూపించేవి అరుదు.

నల్ల సూర్యులు అనే పేరు

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. ఇల్లెందులో 1889లో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం రామగుండం ప్రాంతానికి 1960 దరిదాపుల్లో చేరింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి భూమిలేనివాళ్లు, వెట్టి చేసేవాళ్లు, దొర గడీ కింద నలిగినవాళ్లు బాయికి వచ్చారు. తట్టా చెమ్మస్ పట్టుకొని టబ్బులు నింపే కోల్ ఫిల్లర్ పని దగ్గర దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు ఎంత ఎక్కువగా ఉన్నారో ఆ తరం మనుషులను అడిగితే చెప్తారు. ఆ పని నడుములు విరిచింది. కానీ అదే పని ఊరి దొరకు ఎదురు నిలబడే ధైర్యమిచ్చింది. నెల జీతం, క్వార్టరు, పిల్లలకు బడి. మాదిగోని కొడుకు ఊరికి పోతే వాచీ పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని నడిచిండు. ఈ మార్పును దళిత విమర్శ ఎన్నడూ తక్కువ చేయకూడదు. 1981లో సికాస పుట్టినంక బాయి మీద అధికారుల దొరతనం ఎట్ల వంగిందో కూడా మరువకూడదు.

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి, పి. చంద్ వంటి రచయితలు ఈ జీవితాన్ని తెలుగు కథలోకి, నవలలోకి తెచ్చారు. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు, ఆ రచనలను మన విమర్శ చదివిన తీరు మీద. కథలో కులం ఉన్నచోట కూడా విమర్శ దాన్ని దాటేసి 'కార్మికుడు' అన్న ఒక్క మాటలో ముడి వేసింది. పత్రికలేమో ఇంకో అడుగు ముందుకేసి 'నల్ల సూర్యులు' అన్నయి. చూడడానికి ఎంత ముద్దుగున్నది ఈ పేరు! కానీ సూర్యుడికి వాడ లేదు, ఇంటిపేరు లేదు, ఊరవతల గూడెం లేదు. వెస్ట్ వర్జీనియా సొరంగంలో తెల్ల దుమ్ము ఏ పని చేసిందో మన దగ్గర ఈ మాట ఆ పని చేసింది. మనిషిని పొగుడుతూనే కప్పేసింది.

2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. అప్పుడు ఈ గడ్డ అంతా ఒక్కటై ఏడ్చింది. ఆ ఏడుపు నిజం. ఆ ఏడుపులో కులం వెతకడం నీచం. అయితే ఏడుపు అయిపోయినంక వచ్చే ప్రశ్నలు వేరే ఉంటయి. ప్రమాదం ఎక్కువ ఉండే పనిస్థలంలో ఎవరుంటారు? శవం ఏ ఊరికి పోతది, ఆ ఊళ్లె ఏ బొందలగడ్డకు పోతది? ఊపిరితిత్తుల జబ్బుతో నెమ్మదిగా ఇంటికాడ చచ్చేవాడు ఏ లెక్కలో ఉంటాడు? హాక్స్ నెస్ట్ లెక్క తేలడానికి యాభై ఏండ్లు పట్టింది. మన లెక్క రాయడం కూడా విమర్శ పనే.

లక్ష నుంచి నలభై వేలకు

ఈ ప్రశ్నలు ఇప్పుడెందుకు? 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య సుమారు 40 వేలు. సంస్కరణలు, యంత్రాలు, స్వచ్ఛంద విరమణ పథకాలు, ఓపెన్‌కాస్టులు కలిసి చేసిన మార్పు ఇది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, కొత్త కంపెనీగా 2021లో గాని మళ్లీ తెరుచుకోలేదు. నడుమ ఒక తరం పోయింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాలు వచ్చినయి. బాయి పని ఇష్టమై తండ్రులు కొడుకుల కోసం కొట్లాడలేదు. ఊరి నుంచి బయటపడ్డ తాడు అదొక్కటే గనుక కొట్లాడారు.

ఈ తాడు పలచబడుతుంటే పక్కన ఇంకో పని పెరిగింది. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది. కాలనీలు ఊడ్చే పని, మోరీలు తీసే పని, ఆస్పత్రిలో కింది పని, సివిల్ పనులు కాంట్రాక్టు కిందికి చేరినయి. ఆ కార్మికులు 2022 సెప్టెంబరులో వేతనాల కోసం సమ్మె చేశారు. 'కాంట్రాక్టు' అన్న మాటలో కులం పేరు లేదు, అమెరికా చట్టంలో రంగు పేరు లేనట్టే. కానీ పర్మినెంటు ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంటుంది, కాంట్రాక్టరు మస్టరులో ఉండదు. మోరీలో దిగేవాడు ఏ వాడవాడో అడగాల్సిన పని లేదు. ఆడ మూడు ప్రశ్నలు కూడా అక్కర్లేదు. 1935 చట్టం 'వ్యవసాయ కూలి, ఇంటి పని' అని రెండు మాటలతో చేసిన వెలివేతను మన దగ్గర 'కాంట్రాక్టు' అన్న ఒక్క మాట చేస్తున్నది. యంత్రం వచ్చి, షిఫ్టు తగ్గి, దుమ్ము మీద కాస్త నీళ్లు పడ్డ ఈ కాలంలోనే కులం మళ్లీ తేటగా కనబడుతున్నది.

మన చేతుల్లో ఉన్న దుమ్ము

రిచర్డ్ రైట్ 1938లో 'అంకుల్ టామ్స్ చిల్డ్రన్' కథలు, 1940లో 'నేటివ్ సన్' నవల రాశాడు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, నల్ల మనిషి అనుభవాన్ని పార్టీ మాటల్లో మొత్తంగా చెప్పలేమని తేలినంక దూరమయ్యాడు. అదే సమయంలో ఒక న్యాయమూ చెప్పాలి. 1931లో అలబామాలో తొమ్మిదిమంది నల్ల యువకుల మీద తప్పుడు అత్యాచారం కేసు పెట్టి ఉరికంబం దాకా తెస్తే, వాళ్ల తరఫున ముందుగా గట్టిగా నిలబడింది కమ్యూనిస్టుల న్యాయసహాయ సంఘమే. వర్గ రాజకీయం చేసిన మేలును ఒప్పుకుంటూనే అది చూడనిదాన్ని చూపించడమే నిజాయితీ. కారంచేడు తర్వాత, 1985 నుంచి, తెలుగు నేల మీద మనం చేస్తున్న వాదన కూడా అదే.

కానీ ఇదే రైట్ 1937లో జోరా నీల్ హర్‌స్టన్ నవల 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' వచ్చినప్పుడు, అందులో పెద్ద విషయమేదీ లేదని కొట్టిపారేశాడు. నల్ల ఆడమనిషి ప్రేమ, పెండ్లి, ఆమె మాట్లాడే తీరు ఆయనకు విషయంగా అనిపించలేదు. తెల్లవాళ్ల చూపు మీద అంత పదునుగా రాసినవాడికి తన చూపులో ఉన్న మగతనం కనబడలేదు. ఇది మనకూ హెచ్చరిక. 1994లో మాదిగ దండోరా లేచి 'దళిత' అన్న మాట కింద ఎవరు ముందు నడుస్తున్నరు, ఎవరు వెనుక పడ్డరు అని అడిగింది. దళిత స్త్రీలు ఆ ప్రశ్నను ఇంకా లోపలికి తీసుకపోయారు. 'కార్మికుడు' అనే మాట దుమ్మయితే, 'దళిత' అనే మాట కూడా దుమ్ము కాగలదు. ఎదుటివాడి మీది దుమ్ము దులిపేవాడు తన చేతులు చూసుకోవాలి.

మన పాఠకులకు నల్ల అమెరికాను దగ్గర చేసింది ఎక్కువగా సహవాసి తెనిగించిన 'ఏడు తరాలు'. బానిసత్వం కథ మన ఇండ్లల్లోకి వచ్చింది, కన్నీళ్లు పెట్టించింది. బానిసత్వం పోయిన డెబ్బై ఏండ్లకు, మాంద్యంలో, చట్టం, కవిత్వం, ఫోటో అన్నీ మంచి ఉద్దేశంతోనే నల్ల మనిషిని ఎట్లా పక్కకు జరిపినయో మనం అంతగా చదవలేదు. బొగ్గుబాయి మీద కూర్చున్న మనకు కావలసిన చదువు అదే. ఎందుకంటే మనకు ఎదురయ్యేది ప్రతిసారీ కొరడా పట్టుకున్న దొర కాదు. మనల్ని అన్నా అని పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, బాయిల కులం లేదు తమ్మీ అనే మంచి మనిషి.

ఆ మంచి మనిషితో కొట్లాట వద్దు. ఒక్క మాట అడుగుదాం. లేదన్నవు గదా అన్నా, మంచిదే. మరి షిఫ్టు దిగి నీళ్లు పోసుకున్నంక నువ్వు ఏ దిక్కు పోతున్నవు, నేను ఏ దిక్కు పోతున్న? మన ఇద్దరి పిల్లల పెండ్లి ముచ్చట ఎన్నడైనా వచ్చిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే కథ, పాట, లెక్క రాసినప్పుడు బొగ్గుబాయి సాహిత్యం పూర్తవుతుంది. అప్పటిదాకా దాని మీద దుమ్ము ఉన్నట్టే.